బామ్మర్ది కోయడు

ఈమధ్య హైదరాబాదులో సినిమావాళ్ల సభ ఒకటి జరిగితే నన్ను కూడా పిలిచారు. నిజానికి వాళ్లకు కావలసింది ఒకప్పుడు మా స్టూడియోలో పని నేర్చుకున్న అమ్మాయి. "మా అక్కను పిలిస్తేనే నేనొస్తా" అని ఆమె మొండికేసింది కాబట్టి నాకూ స్టేజీ మీద ఒక కుర్చీ దొరికింది. మైకు పట్టుకున్న పెద్దమనిషి నావైపు తిరిగి, "ఈ దర్శకురాలికి సినిమా నేర్పిన గురువుగారు మీరే కదండీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నేను నేర్పింది పెళ్లి వీడియోలో గుండె బొమ్మలు తిప్పేది నాయనా. సినిమా ఆ పిల్ల సొంతంగా నేర్చుకుంది" అన్నాను. హాలంతా నవ్వింది. ఆమె మాత్రం నా మోచేతి మీద గిల్లింది.

తర్వాత ఆమె మాట్లాడింది. "మా చెంచుల వేషం వేరేవాళ్లు కట్టినారని ఊరికే అరిచేదానికి రాలేదు నేను. మా గురించి రాసేటప్పుడు ఒక్కరన్నా మా గూడెం దాకా వచ్చి, ఇది ఇట్లేనా అని అడిగినారా? అడగండి సారూ, చెప్తాం. మాలో రాసేవాళ్లుండారు, కెమెరా పట్టేవాళ్లుండారు, యాక్షన్ చేసేవాళ్లుండారు. పని ఇయ్యండి." ఇంతే. చప్పట్లు ఆగలేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నాలుగు మాటలు అనేదానికి ఆమె ఏం వదులుకుందో, ఎవరి పేరు నిలబెట్టేదానికి వదులుకుందో ఆ హాల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎన్నాళ్లని నాలోనే పెట్టుకోను? అందుకే రాస్తున్నాను.

మాది కోడుమూరు, మగ్గాల ఇల్లు. ఆత్మకూరుకు కోడలిగా వచ్చాను. మా ఆయనకు బస్టాండు పక్కన ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకు ఆయన కెమెరా పట్టుకుని పోతాడు, తెచ్చినదాన్ని కంప్యూటర్లో మిక్సింగ్ చేసేది నేను. పెళ్లికూతురి కళ్లలోంచి పెళ్లికొడుకు నడుచుకుంటూ రావాలి, ఆయన తలమీద గులాబీ రేకులు రాలాలి, వెనక పాట మోగాలి. అదీ మా వ్యాపారం. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, మా ఇల్లు నడిచింది దానితోనే.

ఆ అమ్మాయి చెంచుల పిల్ల. ఆత్మకూరు దాటి నల్లమల లోపలికి పోతే వచ్చే గూడెం వాళ్లది. ఆశ్రమ పాఠశాలలో చదివి, డిగ్రీకి మా ఊరి హాస్టల్లో ఉండేది. ఒకరోజు పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చింది. ఫొటో చేతికిచ్చాక కూడా పోకుండా నా కుర్చీ వెనకే నిలబడింది. నేనేదో పెళ్లి మిక్సింగులో తలమునకలై ఉన్నాను.

"ఏం పాపా, ఇంకేం కావాల?" అన్నాను.

"అక్కా, ఆయమ్మ ఏడుస్తాంటే ఎందుకు తీసేసినావు?"

అప్పగింతల్లో పెళ్లికూతురి తల్లి ఏడ్చే ముక్క అది. "ఏడుపు చూసేదానికి దుడ్లు ఇస్తారా ఎవురన్నా?" అన్నాను.

"నేనైతే పెట్టుకుంటా" అంది. అంతే, మరుసటి వారం నుంచి సాయంత్రాలు మా స్టూడియోలోనే.

పని మూడు నెలల్లో నా కన్నా బాగా చేసింది. దానితో పాటు నా ప్రాణమూ తీసింది. ఒక పెళ్లిలో డోలు వాయించేవాళ్ల వేళ్లను, గిన్నెలు కడిగే ఆమెను ఎంతసేపు ఉంచిందంటే, పెళ్లికూతురి తరఫు పెద్దాయన మా షాపుకొచ్చి రాద్ధాంతం చేశాడు. "నేను ఈ ఊళ్లో ఇంత పెద్దమనిషిని, నన్ను రవ్వంత చూపించి, గిన్నెలు కడిగే ఆయమ్మను అంతసేపు చూపిస్తావా?" అని. నేను సర్దిచెప్పబోతే ఈమె అడ్డం వచ్చి, "ఆయమ్మ రెండు దినాలు పనిచేసింది గదా పెద్దనాయనా, నువ్వు భోజనానికి వచ్చినావు" అంది. ఆ ఇంటి పెళ్లిళ్లు మాకు మళ్లీ రాలేదు. మా ఆయన తల పట్టుకున్నాడు. నాకు మాత్రం లోపల్లోపల భలే ముచ్చటేసింది.

డిగ్రీ అయ్యాక హైదరాబాదు పోయింది. ఎవరి కాళ్లూ పట్టుకోకుండా ఒక సినిమా కంపెనీలో సహాయ దర్శకురాలిగా చేరింది. అక్కడ కథ గురించి మాట్లాడుకునేటప్పుడు అడవి సీను వస్తే చాలు చెయ్యెత్తేదట. మావాళ్లు అట్ల అరవరు, అట్ల ఎగరరు, ఈకలు పెట్టుకోరు అని. "అడవి డిపార్ట్‌మెంటు లేచిందిరోయ్" అని వాళ్లు నవ్వేవాళ్లట. ఈమె కూడా నవ్వి, మళ్లీ అదే మాట చెప్పేదట. ఒక సినిమాలో గూడెం మనుషుల చేత "హూ హా" అనిపించే ముక్కను ఎట్లో తీసేయించింది. ఆరోజు ఫోన్‌లో ఆమె సంతోషం చూడాలి. "అక్కా, ఒక హూ హా తగ్గింది!" అని గంతులేసింది. నేనైతే మొదటిరోజే పెట్టే బేడా సర్దుకుని ఇంటికొచ్చేసేదాన్ని. ఆ ఓర్పు ఎక్కడిదో ఆ పిల్లకు.

కొన్నేళ్లకు ఆ కంపెనీవాళ్లే మా వైపు షూటింగుకు వచ్చారు. అడవి లోపల తీయనివ్వరు కాబట్టి రోడ్డు పక్కన ఒక గుట్టను చూసుకున్నారు. హీరో చెంచు యువకుడట. స్టిల్స్ కోసం మా ఆయనను పిలిస్తే, నేనూ మంచి చీర కట్టుకుని వెంట పడ్డాను. ఎందుకని అబద్ధం చెప్పాలి, హీరోను చూసేదానికే. ఆ దర్శకుడు మా పిల్లను మెచ్చుకున్నాడని, వచ్చే ఏడు ఆమె చేత సొంతంగా ఒక సినిమా తీయిస్తానని మాట ఇచ్చాడని అప్పటికే నాకు తెలుసు. ఊరంతా చెప్పుకుని తిరిగింది నేనే.

గూడెం మనుషులను వేషాలకు పిలిపించారు. వాళ్లు ఉతికిన చొక్కాలు వేసుకుని, సెల్‌ఫోన్లు జేబులో పెట్టుకుని వస్తే, ఇక్కడ ప్లాస్టిక్ ఆకులతో కుట్టిన లంగోటీలు సిద్ధంగా ఉన్నాయి. ఒక అవ్వ ఆ ఆకులను పట్టుకుని చూసి, "ఇవి కట్టుకోని అడవిలోకి పోతే ముండ్లు గుచ్చుకోవా నాయనా?" అని అడిగింది. మా పిల్ల పరుగెత్తిపోయి దర్శకుడితో మాట్లాడి, ఆడవాళ్లకు చీరలు, మగవాళ్లకు పంచెలు ఒప్పించుకుని వచ్చింది. నా వైపు చూసి కన్నుకొట్టింది కూడా.

మధ్యాహ్నం అసలు సీను వచ్చింది. కొండ అంచు నుంచి తాడు పట్టుకుని హీరో తేనెపట్టు కోసం దిగుతాడు. పైన తాడు పట్టుకున్నది హీరో బామ్మర్ది. తర్వాత ఏం జరుగుతుందో బయటికి పొక్కకూడదని మా పిల్లకు కూడా చెప్పలేదట. దర్శకుడు గూడెం నుంచి వచ్చిన ఒకాయనను ఆ వేషానికి నిలబెట్టి, చేతికి కత్తి ఇచ్చాడు. "అటూ ఇటూ చూసి, నవ్వి, తాడు కోసెయ్యాలి. అంతే" అన్నాడు.

ఆయన కత్తిని కిందపెట్టాడు. "బామ్మర్ది కోయడు సారూ."

"కథలో కోస్తాడయ్యా."

"కతలో కూడా కోయడు."

దర్శకుడికి నవ్వొచ్చింది. ఇంకొకాయనను పిలిచాడు. ఆయనా పట్టుకోలేదు. మూడో ఆయన చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు మా పిల్ల ముందుకొచ్చి అసలు సంగతి చెప్పింది. చెంచుల్లో తేనెకు దిగేవాడు తాడును అన్నకు ఇవ్వడు, తమ్ముడికి ఇవ్వడు. అన్నదమ్ముల మధ్య ఎప్పుడైనా పొరపొచ్చాలు రావచ్చు. భార్య తోడబుట్టినవాడికే ఇస్తాడు. కింద వేలాడుతున్నది తన అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమ కాబట్టి, ప్రాణం పోయినా వాడు వదలడు. "అందుకే సార్, వాళ్లు కత్తి పట్టుకోరు. నటన అని చెప్పినా పట్టుకోరు" అంది.

పక్కనే ఉన్న కథా రచయిత ఊరుకోలేదు. "అదేంటమ్మా, ఇది మీ వైపు జరిగిందే కదా. లొకేషన్ చూసేదానికి వచ్చినప్పుడు ఆత్మకూరు టీ హోటల్లో విన్నాను. ఎవడో బామ్మర్ది తాడు కోసి బావను చంపాడట. అక్కడే నాకు ఈ మలుపు తట్టింది" అన్నాడు.

ఆ పుకారు నేనూ విన్నదే. మా ఊళ్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్నదే. ఎవరి గురించో మాత్రం నేనెప్పుడూ అడగలేదు. మా పిల్ల ఆ రచయిత వైపు తిరిగింది.

"పడిపోయింది మా నాయన సార్. తాడు పట్టుకునింది మా మేనమామ. రాయికి ఒరుసుకుని తాడు తెగింది. ఎవురూ కోయలేదు" అంది.

దర్శకుడు చెడ్డమనిషేమీ కాదు. ఆమెను పక్కకు పిలిచి, "నీ బాధ అర్థమైందమ్మా. చెంచులని చెప్పం. ఏదో ఒక తెగ అందాం. ఊరి పేరు మార్చేద్దాం" అన్నాడు. "ఏ తెగైనా తాడు పట్టేది బామ్మర్దే కదా సార్. చూసేవాళ్లకు మా మామే కనిపిస్తాడు" అంది. ఆ సీను తీసేస్తే కథే లేదన్నాడు ఆయన. అది నిజమే, సినిమా మొత్తం ఆ కత్తి మీదే నడుస్తుంది. "అయితే నా పేరు తీసేయండి సార్" అని చెప్పి, మెడలోని గుర్తింపు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టి, గుట్ట దిగి వచ్చేసింది. మంచి చీర కట్టుకున్న నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె వెనకే పరుగెత్తాను. హీరోను చూడనే లేదు.

దారిలో నేను తిట్టాను. "వచ్చే ఏడు నీకు సొంత సినిమా ఇస్తానన్నాడు గదే! ఒక్క సీనుకు అంతా పారేసుకుంటావా?" అని. ఆమె ఏడుస్తూ చెప్పింది. నాయన పోయాక గూడెంలో ఎవరూ మామ కోశాడని అనలేదట. వాళ్లకు తెలుసు. అయినా మళ్లీ ఎవరూ ఆయనకు తాడు ఇవ్వలేదు. ఆమె చిన్నమ్మ భర్త, అంటే చిన్నాయన తేనెకు దిగేటప్పుడు ఆ మామే కదా పట్టాలి, సొంత బావమరిది. ఆయనను పిలవకుండా, చిన్నమ్మకు దూరపు వరుస అన్నను పిలుచుకుంటారట. మామ ఆ రోజుల్లో ఎటో వెళ్లిపోయి, తేనె గూడెం చేరాక తిరిగివస్తాడట. "చెంచోడికి తాడు ఇయ్యకపోతే ఇంకేముంటాదక్కా?" అంది.

సినిమా ఆగుతుందా? వేరే మనుషులను పెట్టి, ఎక్కడో రాళ్ల క్వారీలో ఆ సీను తీసుకున్నారు. మా ఊరి హాల్లో బాగానే ఆడింది. తాడు కోసేచోట ఈలలు పడ్డాయి. టీ హోటల్లో కూర్చున్నవాళ్లకు పండగే. "చూసినారాప్పా, మన ఊరి కత సినిమాలో వచ్చిండాది" అని. ఒక సంతరోజు ఆ మామ తేనె, చీపుర్లు అమ్మేదానికి వస్తే, ఎవరో కుర్రవెధవలు రెండు వేళ్లు కత్తెరలాగా ఆడించి చూపించారట ఆయనకు. ఆయన సరుకు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆత్మకూరులో అడుగు పెట్టలేదు.

ఆ మాట చెప్పేదానికి మా పిల్ల స్టూడియోకు వచ్చి, "నేను తీస్తానక్కా" అంది.

"దేంతో తీస్తావే? మా పెళ్లి కెమెరాతోనా?"

"దాంతోనే."

అప్పుడే మూఢం వచ్చింది. ముహూర్తాలు లేకపోతే మా కెమెరాకూ నాకూ పని ఉండదు. మా ఆయన గొణుగుతూనే కెమెరా ఇచ్చాడు, గొణుగుతూనే తనూ వెంట పోయాడు. కథ చిన్నది. ఒక గూడెం, ఒక అక్క, ఆమె భర్త, ఆమె తమ్ముడు, ఒక తేనెపట్టు. వేసేవాళ్లంతా గూడెంవాళ్లే.

ఆమె పని తీరు లాంటిది నేనెక్కడా చూడలేదు. వారంలో తీసినదంతా గూడెం బడి వరండాలో దుప్పటి కట్టి, సందెవేళ అందరికీ చూపించేది. ఎవరు ఏం తప్పు పట్టినా మళ్లీ తీసేది. "పొగ పెట్టకుండా ఎవుడన్నా పట్టు దగ్గరికి పోతాడా?" అని ఒకరు, "ఆ పాట పెండ్లిది, తేనెకు పాడరు" అని ఇంకొకరు. ఆ ఆకుల అవ్వ ఉందే, ఆమె లేచి, "నాకు చిరిగిన చీర కట్టించినావు. నాకు మంచి చీర ఉండాది గదా, అది కట్టుకుంటే చెంచుదాని మాదిరి కనపడనా?" అని గద్దించింది. నేను కడుపుబ్బా నవ్వాను. మా పిల్ల నవ్వలేదు, రెండు చేతులూ జోడించి, మరుసటి రోజు పొద్దున్నే ఆ సీనంతా మంచి చీరతో మళ్లీ తీసింది. అంత పేరున్న దర్శకుల దగ్గర పనిచేసిన మనిషి, ఒక అవ్వ చీర కోసం ఒక రోజు పని పారేసింది. నాకు అప్పుడే అనిపించింది, ఈ పిల్ల గొప్పది అవుతుందని.

తాడు పట్టే వేషం మొదట గూడెంలో ఒక యువకుడు వేశాడు. ఆ ముక్క దుప్పటి మీద చూపించిన రోజు, మామ ఎప్పటిలాగే దూరంగా గోడవారన కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి ముందుకు వచ్చాడు. "కాలు అట్ల పెడితే జారతావురా" అని, ఆ దుప్పటి ముందే నేలమీద కూర్చుని, మడమను మెట్టుకు తన్నిపెట్టి, నడుము వెనక్కు వాల్చి, లేని తాడును పట్టి చూపించాడు. అరచేతుల్లో మచ్చలు నాకు ఆరోజే కనిపించాయి. బావ పడిపోయిన రోజు తాడు తెగకముందు జారుతుంటే, వదలకుండా పట్టుకున్నందుకు చర్మమంతా లేచిపోయిందట.

"నువ్వే చెయ్యకూడదా మామా?" అంది మా పిల్ల.

"నాకెవురు ఇస్తారు పాపా తాడు?" అన్నాడాయన. ఆ గొంతులో కోపం కూడా లేదు. అందరూ తలలు దించుకున్నారు. చిన్నమ్మ, చిన్నాయన కూడా అక్కడే ఉన్నారు, వాళ్లూ దించుకున్నారు. మామే మళ్లీ అన్నాడు, "సినిమాకే గదా. మనిషి ఎందుకు, గోతంలో రాళ్లు పోసి కట్టండి. నేను పట్టుకుంటా."

అట్లాగే తీశారు. కింద మనిషి బరువంత రాళ్లు. పైన ఆయన. కెమెరా ఆయన ముఖం మీద, చేతుల మీద పెట్టి, తాడు వదలడం మొదలుపెట్టినప్పటి నుంచి పైకి లాగేదాకా ఒకే బిగిన తీసింది. ఎక్కడా ఆపలేదు, ఎక్కడా కిందకు చూపించలేదు.

మిక్సింగులో కూర్చున్నాక మా ఇద్దరికీ పెద్ద యుద్ధమే జరిగింది. "ఏమే, జనం కునుకు తీస్తారు. మధ్యలో తేనెటీగలను వేద్దాం, కింద లోయను వేద్దాం" అన్నాను. వినలేదు. ఆమె లేనప్పుడు నా పద్ధతిలో ముక్కలు చేసి, సంగీతం వేసి, వచ్చాక చూపించాను. చక్కగా చూసింది. "బాగుండాదక్కా. కానీ నువ్వు తేనెటీగలను చూపించే ఆ కాసేపు, మా మామ పట్టుకునే ఉన్నాడో లేదో చూసేవాళ్లకు ఎట్ల తెలుస్తాది?" అంది.

నేను లేచి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చి, ఆ ముక్కను మొత్తం ఎట్లున్నదట్లా పెట్టేశాను.

ఆ సినిమా బయటి ఊళ్లలో జరిగే సినిమా పండగలకు ఎంపికైంది. ఎవరెవరో మెచ్చుకున్నారు. హైదరాబాదులో పెద్ద హాలు ఇస్తామన్నారు. "ముందు ఆత్మకూరులో వేస్తా" అంది. టీ హోటల్లో కూర్చునేవాళ్లు చూడకపోతే ఈ సినిమా ఎందుకు అని ఆమె పట్టు. ఆ కత్తి సినిమా ఆడిన హాలు ఓనర్నే అడిగి ఉదయం ఆట ఇప్పించుకుంది. టికెట్టు లేదు. ఆమె స్వయంగా టీ హోటలుకు పోయి, అక్కడున్నవాళ్లందరినీ పిలిచింది. గూడెం నుంచి ట్రాక్టరులో వచ్చారు. మామ రానన్నాడట. ఆమె అమ్మ, అంటే ఆయన అక్క, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

నాకు భయమేసింది. ఈలలు వేస్తే? మళ్లీ ఆ వేళ్ల కత్తెరలు ఆడిస్తే? ఆ మనిషి ఇక బతకలేడు. మా పిల్ల తెర వైపు చూడకుండా, గోడకు ఆనుకుని, జనం ముఖాలే చూస్తూ నిలబడింది.

తాడు సీను మొదలయ్యింది. మొదట ఎవడో ఈల వేశాడు. ఎవడో "కొయ్‌రా!" అని అరిచాడు. కొందరు నవ్వారు. తెరమీద ఆయన తాడు వదులుతూనే ఉన్నాడు. నరాలు ఉబ్బుతున్నాయి. చెమట కంట్లో పడుతోంది, తుడుచుకునేదానికి చెయ్యి ఖాళీ లేదు. నవ్వు ఆగిపోయింది. నా పక్క వరసలో కూర్చున్న ఒకాయన తన భుజం మీది తువ్వాలును రెండు చేతులా పట్టి బిగించాడు, ఆయనకే తెలియకుండా. తెరమీద తాడు ఒకసారి జర్రున జారింది. హాలంతా "అయ్యో, పట్టుకోప్పా!" అని ఒక్క గొంతుతో అరిచింది. ఆయన పట్టుకున్నాడు. మెల్లగా, బారకు బార, పైకి లాగాడు. అక్కడితో సినిమా అయిపోయింది.

లైట్లు వేశాక మా పిల్ల అమ్మ లేచి నిలబడింది. మైకు అక్కరలేని గొంతు ఆమెది. "మా ఆయన పడిపోయి శానా ఏండ్లాయె. తాడు రాయికి ఒరుసుకుని తెగింది. పట్టుకునింది వీడు, మా తమ్ముడు. నా పసుపుకుంకుమ పోయింది నాకు. నేను వాణ్ని ఏమీ అనలేదు. మీరెవురు అనేదానికి?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. పెళ్లిళ్లలో ఏడుపులన్నీ తీసేసిన నేను, ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను.

బయట గేటు దగ్గర టీ హోటలాయన మామను ఆపాడు. "రాప్పా, టీ తాగుదువు" అన్నాడు. మామ వెళ్లాడు.

ఆ తర్వాత ఆమెకు అవకాశాలు వరసకట్టాయి. చెంచుల వేషాలు చెంచులే వేయాలి, కథ ముందు గూడెంలో చదవాలి, ఈ రెండూ ఒప్పుకుంటేనే సంతకం చేస్తుంది. ఒప్పుకోనివాళ్లకు దండం పెట్టి వచ్చేస్తుంది. ఇప్పుడు పెద్ద సినిమా ఒకటి రాస్తోంది. గూడెంలో నలుగురు ఆడపిల్లలకు కెమెరా నేర్పుతోంది. నేనూ పోయి వాళ్లకు మిక్సింగ్ నేర్పుతున్నాను. గుండె బొమ్మలు మాత్రం నేర్పలేదు, ఆమె ఒట్టు పెట్టించుకుంది.

పోయిన ఎండాకాలం అట్లా నేర్పేదానికి వెళ్లినప్పుడే జరిగింది. మగవాళ్లు తేనెకు బయలుదేరుతున్నారు. మామ ఎప్పటిలాగే భుజాన కట్టెల గొడ్డలి వేసుకుని ఇంకో దారి పట్టాడు. చిన్నమ్మ ఇంట్లోంచి తాడుచుట్ట తీసుకుని పరుగున వచ్చి, ఆయన ముందు నిలబడి, చేతుల్లో పెట్టింది. "పట్టుకో అన్నా" అంది.

మామ తాడు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. "సినిమాకా?" అన్నాడు.

"సినిమా ఏంది? తేనెకు."

"ఎవురు దిగేది?"

"ఇంకెవురు దిగుతారు? నా మొగుడే" అంది చిన్నమ్మ. చిన్నాయన ఆమె వెనకే నిలబడి ఉన్నాడు, నడుముకు గుడ్డ బిగించుకుని.

నా పక్కన మా పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. మామ గొడ్డలిని గోడకు ఆనించాడు. తాడును బారకు బార లాగి, ఒరుసుకున్నచోటు ఏదైనా ఉందేమోనని ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమి చూసుకున్నాడు. తర్వాత భుజానికి ఎత్తుకుని, "పొద్దు వాలకముందే పోదాం పాండి" అని ముందు నడిచాడు.